మనోవ్యాధి ఉన్నవారిని వైద్యానికి ఒప్పించడం ఎలా?

“మా వాడు రెండు నెలలుగా గదిలోంచి బయటికి రావడం లేదు. రాత్రంతా మేలుకునే ఉంటాడు. పక్కింటివాళ్లు గోడ అవతల కూర్చుని తనమీద కుట్ర పన్నుతున్నారంటాడు. డాక్టరు దగ్గరికి వెళ్దాం పద అంటే, ‘నాకేం రోగం? పిచ్చి మీకే పట్టింది’ అని మీదికొస్తాడు. ఏం చేయమంటారు?”

ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల్లో స్థిరపడిన మన కుటుంబాల నుంచి ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వైద్యులకు వినబడుతూనే ఉంటుంది. ఒక ఇంట్లో కొడుకు, మరో ఇంట్లో కాన్పయిన కోడలు, ఇంకో ఇంట్లో ఉద్యోగ విరమణ చేసిన అబ్బాజాన్. షుగరు వచ్చిందంటే మందేమిటని అడుగుతాం. మనసుకు జబ్బు వచ్చిందంటే మాత్రం మందు సంగతి తర్వాత, ముందు ‘ఒప్పించేదెలా’ అన్న దగ్గరే ఆగిపోతాం. రోగి ఒప్పుకోడు. రోగి ఒప్పుకున్నా ఇంటి పెద్దలు ఒప్పుకోరు. పెద్దలు ఒప్పుకున్నా ‘నలుగురికీ తెలిస్తే చెల్లెలి పెళ్లి ఏమవుతుంది’ అని తల్లి వెనకాడుతుంది. ఈలోగా నెలలు కాదు, ఏళ్లు గడిచిపోతాయి.

బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో తమిళనాడు కూడా ఉంది. పెద్దవారిలో నూటికి 10.6 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు ఆ సర్వేలో తేలింది. వారిలో వైద్యం అందనివారు, జబ్బును బట్టి, నూటికి 70 నుంచి 92 మంది. మందులు లేకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. మన మనసుల్లో పాతుకుపోయిన అభిప్రాయాలు కూడా కారణమే. అందుకే ఈ వారం జబ్బుతో పాటు అభిప్రాయం గురించి, దాన్ని మార్చే పద్ధతుల గురించి కూడా తెలుసుకుందాం.

యునానీ గ్రంథాల్లో మనసు

మనోవ్యాధి అనేది ఈ కాలపు ఇంగ్లీషు వైద్యం కనిపెట్టిన కొత్త మాట అని కొందరి భావన. అది సరికాదు. బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ (850-934) ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్’ అనే గ్రంథంలో మొదటి భాగాన్ని శరీర ఆరోగ్యానికి, రెండో భాగాన్ని పూర్తిగా మనసు ఆరోగ్యానికి కేటాయించారు. మనసును బాధించే వాటిని ఆయన నాలుగుగా విడదీశారు: కోపం, భయం, దుఃఖం, వస్వాస్. దుఃఖాన్ని మళ్లీ రెండు రకాలుగా చూశారు. ఆప్తులు పోవడం, ఆస్తి పోవడం వంటి తెలిసిన కారణంతో వచ్చేది ఒకటి. ఏ కారణమూ కనబడకుండా మనిషిని కమ్ముకుని, దేనిమీదా ఆసక్తి లేకుండా చేసేది రెండోది. మొదటిదానికి మాట సాయం కావాలన్నారు. రెండోదానికి మూలం శరీరంలో ఉందని, దానికి శరీర వైద్యం జరగాలని చెప్పారు. వెయ్యేళ్ల పైచిలుకు క్రితం రాసిన ఈ విభజన చదివితే నేటి మానసిక వైద్యులు కూడా ఆశ్చర్యపోతారు. ‘నీకేం తక్కువైందని ఏడుస్తున్నావు’ అని కోడలిని దబాయించే అత్తగార్లు ఆ రెండో రకం గురించి ఒక్కసారి ఆలోచించాలి.

బల్ఖీ మరో మాట కూడా చెప్పారు. మనసుకు చికిత్స రెండు దారుల్లో జరుగుతుంది. ఒకటి బయటి నుంచి, అంటే నమ్మకమున్న మనిషి చెప్పే మాట. రెండోది లోపలి నుంచి, అంటే మనిషి తనకు తాను చెప్పుకునే ఆలోచన. ఇంట్లో మందులపెట్టె ఉంచుకున్నట్టే, కష్టకాలానికి పనికొచ్చే ఆలోచనలను ఆరోగ్యంగా ఉన్నప్పుడే సిద్ధం చేసుకోవాలని ఆయన సలహా.

యునానీలో ఆరోగ్యానికి ఆధారమైన ఆరు విషయాలను ‘అస్బాబె సిత్తా జరూరియా’ అంటారు. గాలి, ఆహార పానీయాలు, శరీరపు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ, విసర్జన-నిలుపుదలలతో పాటు మనసు కదలిక-విశ్రాంతి కూడా వాటిలో ఒకటి. మాలీఖూలియా (కుంగుబాటు, నిరాధార భయాలు), మానియా (ఉన్మాదం), సహర్ (నిద్రలేమి) వంటి జబ్బుల వర్ణన పాత గ్రంథాల్లో వివరంగా ఉంది. సౌదా అనే ఖిల్త్ పెరగడం వల్ల మాలీఖూలియా వస్తుందని ఆ రోజుల సిద్ధాంతం. నేటి వైద్యం వంశపారంపర్యం, మెదడులోని రసాయనాలు, జీవితంలో తగిలిన దెబ్బలు కలిసి పనిచేస్తాయంటుంది. రెండూ ఒకటేనని బలవంతాన అతికించాల్సిన పనిలేదు. ఇది వైద్యంతో నయం చేయవలసిన జబ్బు అన్న విషయంలో మాత్రం రెండూ ఏకీభవిస్తాయి.

ఆవునని నమ్మిన రాజకుమారుడు

ఇబ్నె సీనా (980-1037) గురించి ఒక కథ ప్రసిద్ధం. 12వ శతాబ్దంలో నిజామీ అరూజీ ‘చహార్ మఖాలా’లో దీన్ని రాశారు. బువైహీ వంశానికి చెందిన ఒక రాజకుమారుడు తాను ఆవునని నమ్మాడు. అంబా అని అరిచేవాడు. నన్ను కోసి మంచి హరీస్ వండండి అనేవాడు. తిండి మానేశాడు, చిక్కి శల్యమయ్యాడు. వైద్యులు ఎన్ని చెప్పినా లాభం లేకపోయింది. చివరికి ఇబ్నె సీనాను ఆశ్రయించారు. కసాయి వస్తున్నాడని ముందుగా కబురు పెట్టించి, ఆయన కత్తి పట్టుకుని వెళ్లాడు. ఆవు ఎక్కడని అడిగాడు. రోగి సంతోషంగా వచ్చి నేలమీద పడుకున్నాడు. కాళ్లూ చేతులూ కట్టించి, పక్కటెముకలు తడిమి చూసి, ‘ఇది మరీ బక్కగా ఉంది, ఇప్పుడు కోస్తే లాభం లేదు, బాగా మేపండి’ అని చెప్పి వెళ్లిపోయాడట. ఆ రోజు నుంచి రోగి పెట్టిందల్లా తిన్నాడు. ఆ తిండిలోనే మందు కలిపి ఇచ్చారు. నెల తిరిగేసరికి కోలుకున్నాడని కథ.

ఇది నిజంగా జరిగిందా, కల్పనా అన్నది చరిత్రకారులకు వదిలేద్దాం. మనకు కావలసిన అంశం వేరు. ఇతర వైద్యులు ‘నువ్వు ఆవువి కాదు’ అని వాదించారు, ఓడిపోయారు. ఇబ్నె సీనా వాదించలేదు. రోగి ఎక్కడ నిలబడి ఉన్నాడో అక్కడికే వెళ్లి, అక్కడి నుంచి అతన్ని ఒక్క అడుగు, తిండి తినడం అనే ఒక్క అడుగు, వేయించాడు.

అయితే ఈ కథలోని మోసాన్ని ఇంట్లో అనుకరించకండి. ‘కల్యాణానికి వెళ్తున్నాం’ అని చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లడం, టీలో మాత్ర కలపడం మన ఇళ్లలో జరుగుతున్న పనులే. తనపై కుట్ర జరుగుతోందని ముందే భయపడుతున్న మనిషికి ఆ సంగతి బయటపడితే ఏమవుతుందో ఊహించండి. కుట్ర నిజమేనని మీరే రుజువు చేసినట్టవుతుంది. ఇక మీ చేతి నీళ్లు కూడా తాగడు.

ముందు గుర్తుపట్టాలి

గుర్తుల గురించి క్లుప్తంగా చెబుతాను. రెండు వారాలకు పైగా రోజంతా దిగులు, దేనిమీదా ఇష్టం లేకపోవడం, నిద్ర, ఆకలి చెడిపోవడం, చావాలన్న ఆలోచన ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. లేనివి వినబడటం, కనబడటం, అకారణమైన అనుమానం స్కిజోఫ్రీనియా వంటి జబ్బుల లక్షణం. కొన్నాళ్లు నిద్ర లేకపోయినా అలుపెరగని హుషారు, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు చేయడం, తర్వాత కొన్నాళ్లు కుంగిపోవడం బైపోలార్ జబ్బులో కనిపిస్తాయి. వజూ సరిగా కాలేదని గంటసేపు కొళాయి దగ్గరే ఉండిపోవడం, నమాజులో రకాతులు తప్పాయేమోనని పదేపదే మొదలుపెట్టడం వస్వసా జబ్బు లక్షణం. ఇలాంటి మనిషిని ‘ఎంత పరహేజ్‌గారో’ అని మెచ్చుకునేవారున్నారు. లోపల అతను పడే నరకం అతనికే తెలుసు.

కాన్పు తర్వాత రెండు వారాలు దాటినా తగ్గని దిగులును తేలిగ్గా తీసుకోవద్దు. థైరాయిడ్ తగ్గినా, విటమిన్ బి12 లోపించినా మనసు దెబ్బతింటుంది కాబట్టి రక్తపరీక్ష అవసరం. నిన్నటిదాకా బాగున్న పెద్దాయన రెండు రోజుల్లో పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది పిచ్చి కాదు. ఒంట్లో ఇన్ఫెక్షనో, ఉప్పు తగ్గడమో ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అభిప్రాయం ఎందుకు మారదు?

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1957లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. మనం చేసిన పని, మన ఎదుట కనబడుతున్న నిజం ఒకదానితో ఒకటి పొసగనప్పుడు మనసులో ఒక ఇబ్బంది పుడుతుంది. ఆ ఇబ్బంది తగ్గించుకోవడానికి మనం చేసిన పనిని మార్చుకోం, నిజాన్నే మరోలా చెప్పుకుంటాం. మన ఇళ్లలో దీన్ని రోజూ చూడవచ్చు. ఒక ఆమిల్ దగ్గర జిన్ను వదిలిస్తానన్న మాట నమ్మి నలభై వేలు ఖర్చు పెట్టారనుకోండి. పిల్లవాడికి తగ్గలేదు. అప్పుడు ‘ఆమిల్ మోసం చేశాడు’ అనుకోవడం కష్టం, ఎందుకంటే ‘నేను మోసపోయాను’ అని కూడా ఒప్పుకోవాలి. ‘జిన్ను చాలా మొండిది, ఇంకో నలభై రోజులు పడుతుంది’ అనుకోవడం తేలిక. ఖర్చు పెరిగేకొద్దీ నమ్మకం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. అందుకే అలాంటి మామూజాన్‌తో ‘మీరు డబ్బు తగలేశారు’ అని వాదనకు దిగితే ఆయన మరింత బిగుసుకుంటారు. ‘మీరు వాడి కోసం ఎంతో చేశారు. ఆ దువాతో పాటు ఈ ఒక్కటీ చూద్దాం’ అంటే దిగిరావడానికి ఆయనకు ఒక మెట్టు ఇచ్చినట్టవుతుంది.

రెండో పొరపాటు భయపెట్టడం. జానిస్, ఫెష్‌బాక్ అనే ఇద్దరు పరిశోధకులు 1953లో హైస్కూలు విద్యార్థులకు పళ్ల శుభ్రత గురించి మూడు రకాల ప్రసంగాలు వినిపించారు. ఒకదానిలో కుళ్లిన చిగుళ్ల భయంకర చిత్రాలు, ఒకదానిలో కొద్దిగా భయం, మరోదానిలో దాదాపు భయమే లేదు. తర్వాత చూస్తే బాగా భయపడ్డవారు అతి తక్కువగా, తక్కువ భయం విన్నవారు ఎక్కువగా ఆ సలహాలు పాటించారు. భయం మరీ ఎక్కువైతే మనిషి చెవులు మూసుకుంటాడన్నమాట. తర్వాతి పరిశోధనలు ఈ లెక్కను సవరించాయి. భయంతో పాటు ‘ఇదిగో, ఈ పని చేస్తే చాలు’ అన్న దారి చూపిస్తే ఫలితం ఉంటుందన్నాయి. 1965లో లెవెంథాల్ బృందం యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థులకు ధనుర్వాతం టీకా గురించి చెప్పి చూసింది. ఊరికే చెప్పినప్పుడు నూటికి 3 మంది వెళ్లి టీకా వేయించుకున్నారు. ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో మ్యాపు ఇచ్చి, ఎప్పుడు వెళ్లగలరో ముందే ఆలోచించుకోమన్నప్పుడు 28 మంది వేయించుకున్నారు. టీకా మంచిదన్న అభిప్రాయం అందరికీ ఉంది. కొరవడింది దారి, వేళ. కాబట్టి ‘ఎప్పుడైనా డాక్టరుకు చూపిద్దాం’ అనకండి. ఏ రోజు, ఏ బస్సు, ఎవరు వెంట వస్తారు, దుకాణం ఆ పూట ఎవరు చూసుకుంటారు అన్నది ముందే తేల్చుకోండి.

మూడోది ఉపన్యాసం. ఇంట్లో ఒకరు చెప్పడం, మిగతావారు తల వంచుకుని వినడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో మాంసం కొరత వచ్చింది. గుండె, మూత్రపిండాలు వంటివి వండండని గృహిణులను ఒప్పించడానికి కుర్ట్ లెవిన్ ప్రయోగాలు చేశారు. (మన ఇళ్లలో గుర్దా, కలేజీ వండడానికి ఎవరూ ఒప్పించనక్కర్లేదు గానీ, అక్కడివారికి అవంటే రోత.) ఉపన్యాసం విన్నవారిలో నూటికి 3 మందే వండారు. చిన్న గుంపుగా కూర్చుని, తమ ఇబ్బందులు తామే చర్చించి, చేతులెత్తి నిర్ణయం తీసుకున్నవారిలో 32 మంది వండారు. తీర్పు పైనుంచి వస్తే వింటాం. అందులో మన మాట కూడా ఉంటే ఆచరిస్తాం. కొడుకు విషయంలో నిర్ణయం తీసుకునేటప్పుడు తల్లిని, అన్నను, కుదిరితే రోగిని కూడా కూర్చోబెట్టి మాట్లాడించండి.

చివరగా, ఎవరు చెబుతున్నారన్నది కూడా ముఖ్యం. యేల్‌లోనే కార్ల్ హోవ్‌లాండ్ చేసిన పరిశోధనల్లో ఒకే మాటను నమ్మకస్తుడు చెప్పినప్పుడు, నమ్మకం లేనివాడు చెప్పినప్పుడు వచ్చే తేడా స్పష్టంగా కనబడింది. రోగికి ఎవరంటే గురి? తండ్రి కాకపోవచ్చు. చిన్ననాటి దోస్తు కావచ్చు, ఖాలాజాన్ కావచ్చు, మసీదు ఇమామ్ సాబ్ కావచ్చు. ఆ మనిషిని వెతకండి.

రోగితో మాట్లాడేటప్పుడు

స్కిజోఫ్రీనియా రోగుల్లో చాలామందికి తాము జబ్బులో ఉన్నామన్న ఎరుక ఉండదు. అది మొండితనం కాదు, జబ్బులో భాగం. కాబట్టి ‘నీకు జబ్బుంది, ఒప్పుకో’ అని పట్టుబట్టడంలో అర్థం లేదు. అతను ఒప్పుకునే బాధ వేరే ఏదో ఉంటుంది. నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, భయం. అక్కడ మొదలుపెట్టండి. “పక్కింటివాళ్ల మాటలు నాకు వినబడటం లేదు బేటా, కానీ నీకు వినబడుతుంటే ఎంత భయంగా ఉంటుందో తెలుస్తోంది. రాత్రి కాస్త నిద్ర పడితే బాగుంటుంది కదా. నిద్ర కోసం ఒకసారి డాక్టరును చూద్దామా?” ఇందులో అబద్ధం లేదు, వాదన లేదు. కుట్ర ఉందని మీరు ఒప్పుకోలేదు, లేదని దెబ్బలాడనూ లేదు. ఇవాళ కాదంటే మళ్లీ మూడు రోజులకు, మనసు కాస్త నెమ్మదిగా ఉన్న వేళ చూసి అడగండి.

లండన్‌లో జార్జ్ బ్రౌన్ తదితరులు చేసిన పరిశోధనల్లో మరో సంగతి తెలిసింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోగిని ఎప్పుడూ తప్పుపట్టే ఇళ్లలో, అతిగా అంటిపెట్టుకుని ఊపిరాడనివ్వని ఇళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. 1980లలో ఇదే పరిశీలన చండీగఢ్‌లో చేస్తే, ఇక్కడి కుటుంబాల్లో అలాంటి సూటిపోటి మాటలు లండన్ కుటుంబాలకంటే తక్కువని తేలింది. మన కుటుంబ వ్యవస్థకు ఉన్న ఈ బలాన్ని పోగొట్టుకోకుండా ఉంటే చాలు.

ఏర్వాడిలో జరిగింది

ఒప్పించడం చేతకాని చోట గొలుసు వస్తుంది. తమిళనాడులో ఉన్న మనం 2001 ఆగస్టు 6ను మరిచిపోకూడదు. రామనాథపురం జిల్లా ఏర్వాడి దర్గా పరిసరాల్లో ప్రైవేటు వ్యక్తులు నడిపే ‘మనోవికాస కేంద్రాలు’ చాలా ఉండేవి. దర్గాలో దువాతో నయమవుతుందన్న ఆశతో దూరప్రాంతాల నుంచి కుటుంబాలు రోగులను తెచ్చి అక్కడ వదిలి వెళ్లేవి. ఆ తెల్లవారుజామున ఒక కేంద్రంలోని తాటాకు పాకకు నిప్పంటుకుంది. లోపలివారిని గొలుసులతో కట్టేసి ఉంచారు. పారిపోలేక 28 మంది కాలిపోయారు. వారం తిరిగేసరికి ప్రభుత్వం అలాంటి కేంద్రాలన్నింటినీ మూయించి, అక్కడి రోగులను తన సంరక్షణలోకి తీసుకుంది. సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టింది.

అక్కడ రోగులను వదిలినవారంతా కఠినాత్ములని అనుకోవద్దు. చాలామంది చేతనైనంత చేసి అలసిపోయినవారే. ఊళ్లో వైద్యుడు లేడు, ఉన్నా వెళ్లడానికి సిగ్గు. దర్గాకు వెళ్తే మాత్రం సిగ్గు లేదు. ఈ సంగతి గ్రహించినవారే తర్వాత మంచి పని చేశారు. గుజరాత్‌లో మెహసాణా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో ‘దవా-దువా’ పేరుతో ఒక ఏర్పాటు జరిగింది. దర్గాను మూయమని ఎవరూ అనలేదు. ముజావర్లతోనే వైద్యులు మాట్లాడారు, జబ్బు గుర్తులు చెప్పారు. వచ్చినవారికి ముజావర్ దువా చేసి, ‘ఆ గదిలో డాక్టరు గారున్నారు, మందు కూడా తీసుకో’ అని పంపుతాడు. డాక్టరు నోట పది సార్లు విన్నా కదలని కుటుంబం ముజావర్ ఒక్క మాటకు కదులుతుంది. ఏర్వాడిలోనూ తర్వాత దవా-దువా పద్ధతిలో వైద్యం మొదలైంది. జబ్బు వస్తే మందు వాడాలన్నది మన ధర్మం చెప్పిన మాటే కనుక, దువాకూ మందుకూ తగవు పెట్టేవారి మాట వినకండి.

2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మానసిక రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడం నిషిద్ధం. ఇంట్లో కట్టేస్తున్నవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

‘పెళ్లి చేస్తే కుదురుకుంటాడు’ అనేది కంటికి కనబడని మరో గొలుసు. దీనితో ఇంకొకరి ఆడపిల్లను కూడా కట్టేస్తున్నాం. మానసిక రోగి పెళ్లి చేసుకోకూడదని కాదు. జబ్బు అదుపులోకి వచ్చి, వైద్యుని సలహా తీసుకుని, అవతలివారికి ఉన్నది ఉన్నట్టు చెప్పి చేసిన నికాహ్‌లు చక్కగా నడుస్తున్నాయి. దాచి చేసినప్పుడు కొత్త కోడలికి తెలియకూడదని మాత్రలు ఆపేస్తారు. జబ్బు తిరగబెడుతుంది. నింద మాత్రం ఆ అమ్మాయి ‘అడుగుపెట్టిన వేళ’ మీద పడుతుంది.

యునానీ ఎంతవరకు?

మనోవ్యాధుల మందుల చరిత్రలో యునానీకి గర్వించదగిన పేజీ ఒకటుంది. అస్రోల్, అంటే సర్పగంధి వేరును మన దేశంలో ఉన్మాదానికి, నిద్రలేమికి తరతరాలుగా వాడారు. 1931లో ఢిల్లీ తిబ్బియా కాలేజీలో సలీముజ్జమాన్ సిద్దీఖీ ఆ వేరు నుంచి రసాయనాలను విడదీసి, ఒకదానికి హకీమ్ అజ్మల్ ఖాన్ గారి పేరుమీద అజ్మలీన్ అని పేరు పెట్టారు. అదే ఏడాది సేన్, బోస్ అనే ఇద్దరు బెంగాలీ వైద్యులు ఉన్మాదంలోనూ, రక్తపోటులోనూ దాని ఉపయోగాన్ని ప్రకటించారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ పరిశోధకులు అదే వేరు నుంచి రెసర్పిన్‌ను వేరుచేశారు. 1954లో అమెరికాలో నాథన్ క్లైన్ దాన్ని మానసిక రోగులకు వాడి ఫలితాలు వెల్లడించారు. ఆధునిక మానసిక ఔషధాల తొలి రోజుల్లో మన నేలలోని ఈ వేరుకూ స్థానముంది.

కానీ ఇక్కడే హెచ్చరిక. రెసర్పిన్ వాడిన కొందరిలో డిప్రెషన్ వచ్చినట్లు ఆ తర్వాత నివేదికలొచ్చాయి. రక్తపోటును బాగా తగ్గిస్తుంది. అందువల్ల మానసిక వైద్యంలో దాని వాడకం దాదాపు పోయింది. సర్పగంధి చూర్ణం, మాత్రలు పచారీ కొట్లో కొని ఇంట్లో వాడకండి. డిప్రెషన్ ఉన్నవారు అసలే వద్దు. ఖమీరా గావ్‌జబాన్, ఇత్రీఫల్ ఉస్తుఖుద్దూస్ వంటివి దిగులు, నిద్రలేమి తేలికగా ఉన్నప్పుడు హకీమ్ సలహాతో వాడుకుంటారు. వీటిలో చక్కెర, తేనె ఉంటాయి కాబట్టి షుగరు ఉన్నవారు ముందే చెప్పాలి. స్కిజోఫ్రీనియా, బైపోలార్, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నచోట యునానీ వైద్యుడు తోడుగా ఉండాలే గానీ మానసిక వైద్యునికి బదులు కాకూడదు. ‘ఆ మాత్రలు మానేయండి, నా కుష్తా చాలు’ అనేవారు ఎంత పేరున్నవారైనా వారిని నమ్మవద్దు.

నిద్రవేళ, నడక, వేళకు తిండి మాత్రం అందరికీ మంచివే. అస్బాబె సిత్తాలో ఇవన్నీ ఉన్నాయి. రాత్రి పడుకునే ముందు బాదం నూనెతో తలకు మర్దన చేస్తే హాయిగా ఉంటుంది. తల్లి చేతితో చేస్తే మరీ మంచిది.

రంజాన్ గురించి ఒక ముఖ్యమైన మాట. బైపోలార్‌కు లిథియం వాడేవారు పగలంతా నీళ్లు లేకుండా ఉంటే రక్తంలో మందు మోతాదు ప్రమాదకరంగా పెరగవచ్చు. రంజాన్‌కు నెల ముందే డాక్టరును అడగండి. రోగికి రోజాల విషయంలో ఉన్న సడలింపు మనసు జబ్బుకు కూడా వర్తిస్తుందని ఇమామ్ సాబ్ చేత చెప్పిస్తే రోగి మనసు కుదుటపడుతుంది.

ఎక్కడికి వెళ్లాలి?

2008లో వైద్య కళాశాల వచ్చిన దగ్గరినుంచి ధర్మపురి ప్రభుత్వ ఆసుపత్రి స్థాయి పెరిగింది. మానసిక వైద్యానికి మొదటి మజిలీ అదే. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం సిబ్బంది గురించి కూడా అక్కడే అడగవచ్చు. క్లిష్టమైన కేసులకు హోసూరు మీదుగా బెంగళూరు నిమ్‌హాన్స్ సుమారు 130 కిలోమీటర్ల దూరంలో ఉంది. ప్రయాణం కుదరనివారు ముందు ఫోనులో మాట్లాడాలనుకుంటే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ-మానస్ ఉంది. నంబరు 14416. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడవచ్చు.

భాష గురించి మన కుటుంబాలు జాగ్రత్తపడాలి. ఇంట్లో తెలుగు లేదా దక్కనీ, బజారులో తమిళం. బజారు తమిళంతో ధర బేరమాడగలం గానీ, లోపలి బాధ చెప్పలేం. ‘దిల్ ఘబరాతా’ అన్న మాటను తమిళంలో ‘గుండెనొప్పి’గా చెబితే ఈసీజీ తీసి పంపించేస్తారు. రెండు భాషలూ బాగా వచ్చినవారిని వెంట తీసుకెళ్లండి. స్కూలు పిల్లలను మాత్రం ఈ పనికి వాడవద్దు. తల్లి చావాలనుకుంటున్న సంగతి పదేళ్ల కూతురు అనువదించకూడదు. ఎవరి వేధింపు వల్ల రోగి కుంగిపోయిందో ఆ మనిషినే దుబాసీగా కూర్చోబెట్టకండి. రోగి ఒంటరిగా డాక్టరుతో కాసేపు మాట్లాడే వీలు కల్పించండి.

చావు మాట వచ్చినప్పుడు సూటిగా అడగండి. ‘చనిపోవాలని అనిపిస్తోందా?’ అని అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు దిగుతుంది. మన జిల్లాలో వ్యవసాయం చేసే ఇళ్లు ఎక్కువ. పురుగుమందు డబ్బాలను ఇంట్లోంచి తీసి వేరేచోట తాళం వేసి ఉంచండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే 2017 చట్టం భావిస్తుంది కనుక, పోలీసు కేసు అవుతుందేమోనని భయపడి ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయవద్దు.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద జబ్బు ఎప్పుడు మొదలైంది, గత వారం రోజుల్లో ఎన్ని గంటలు నిద్రపోయారు, కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అన్నవి రాసుకోండి. పాత చీటీలతో పాటు ఇప్పటిదాకా వాడిన యునానీ, ఆయుర్వేద, సిద్ధ మందుల డబ్బాలన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. ఆమిల్ ఇచ్చిన పొడి పొట్లం ఉంటే అది కూడా దాచకుండా చూపించండి.